మార్గో ప్రైస్ తొలి ఆల్బమ్ మళ్లీ విన్నాను: పాత బాణీలో సొంత కథ

సాయంకాలం రేడియో
శనివారం రాత్రి 9:40

ఇక్కడ మనం పాత తెలుగు పాటల గురించి మాట్లాడినంతగా కంట్రీ సంగీతం గురించి మాట్లాడుకోం. అయినా ఈ ఆల్బమ్ గురించి నాలుగు ముక్కలు రాయకపోతే ఇవాళ నిద్ర పట్టేలా లేదు.

మార్గో ప్రైస్ అమెరికన్ గాయని. తన పాటలు తనే రాసుకుంటుంది. ఆమె తొలి సోలో ఆల్బమ్ 'మిడ్‌వెస్ట్ ఫార్మర్స్ డాటర్' 2016 మార్చి 25న వచ్చింది. పది పాటలు. వినడం మొదలుపెట్టగానే ఇది 1970 ప్రాంతంలో తీసిన రికార్డేమో అనిపిస్తుంది. స్టీల్ గిటార్ సాగదీసి ఏడుస్తుంది, వెనక వయొలిన్ల వరస, గొంతులో ఆ పాతకాలపు వణుకు. నేను మొదటిసారి విన్నప్పుడు 'ఎవరో పాత గాయనిది మళ్లీ విడుదల చేశారు కాబోలు' అనుకుని కవరు వెనక్కి తిప్పి సంవత్సరం చూశాను.

మొదటి పాట 'హ్యాండ్స్ ఆఫ్ టైమ్' ఆరు నిమిషాలకు పైనే ఉంటుంది. ఎవరూ తొలి ఆల్బమ్‌ని ఇంత పొడుగు పాటతో మొదలుపెట్టరు. కానీ ఆమె చెప్పాల్సింది అంత ఉంది. చేతిలో 57 డాలర్లు మిగిలి ఉండగా ఊరు వదిలి రావడం, తనకు రెండేళ్లప్పుడు నాన్న పొలం పోగొట్టుకోవడం, ఆయన జైల్లో రెండో షిఫ్టు కాపలా ఉద్యోగంలో చేరడం, తను పెళ్లయినవాడి వెంట పడి తప్పుదారి పట్టడం, బిడ్డను పోగొట్టుకోవడం. ఒక్కో చరణానికి ఒక్కో దెబ్బ. ఎక్కడా గొంతు చించుకోదు. పక్కింటామె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ తన సంగతులు చెప్పినట్టు చెప్పుకుపోతుంది. పల్లవి దగ్గరికొచ్చేసరికి అడిగేది ఎంత చిన్న కోరికో చూడండి: కాసిన్ని డబ్బులు సంపాదించి ఆ పొలం తిరిగి కొనాలి, అమ్మకి ఒక వైన్ సీసా తీసుకెళ్లాలి, గడియారం వెనక్కి తిప్పాలి.

మీలో ఎవరైనా విన్నారా? పదేళ్ల తర్వాత మీకెలా అనిపిస్తోంది?


జొన్నచేను
శనివారం రాత్రి 10:15

నమస్తే అక్కా. నేనైతే వినలేదు. కరీంనగర్ దిక్కు మాకు జానపదం అంటే ఒగ్గు కథ, బతుకమ్మ పాట, ధూంధాం. ఈ కంట్రీ అంటే ఏంది, ఫోక్ అంటే ఏంది, రెండూ ఒకటేనా? మీరు పొలం పోయిన సంగతి రాసిన్రు గనుక అడుగుతున్న. రేపు పొద్దున తీరికగా వింట.


తీగలసవ్వడి
శనివారం రాత్రి 11:02

జొన్నచేను గారూ, నాకు తెలిసినంత చెప్తాను. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పని చేస్తాను. గిటార్ కూడా వాయిస్తాను.

బ్రిటన్, ఐర్లాండ్ నుంచి వెళ్లినవాళ్లు తమ కథాగీతాల్ని అమెరికా తూర్పున ఉన్న అపలేచియన్ కొండల్లోకి మోసుకెళ్లారు. వాళ్ల ఫిడేలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన బాంజో, చర్చి పాటలు, నల్లవాళ్ల బ్లూస్, ఇవన్నీ ఒకే వాకిట్లో కలిశాయి. ఎవరు రాశారో తెలియకుండా నోటి నుంచి నోటికి పాకినవి జానపదాలు. 1920ల్లో రికార్డు కంపెనీలు వాటిని పల్లెజనానికే అమ్మొచ్చని కనిపెట్టాయి. 1927లో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో జరిగిన రికార్డింగుల్లోనే కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రాడ్జర్స్ బయటికొచ్చారు. కంట్రీ వ్యాపారం అక్కడి నుంచే మొదలైందని చాలామంది లెక్క.

తర్వాత సారా కొట్ల పాట వచ్చింది, దాన్ని హాంకీ టాంక్ అంటారు. తాగినవాళ్ల గోలని దాటి వినబడాలి గనక కరెంటు గిటారు, స్టీలు గిటారు పెరిగాయి. హాంక్ విలియమ్స్ ఆ తరహాకి పెద్ద పేరు. 1950ల చివర్లో, కంట్రీ వ్యాపారానికి రాజధాని లాంటి నాష్‌విల్ ఊళ్లోని నిర్మాతలు ఆ మోటుదనాన్ని నునుపు చేసి వయొలిన్లు, కోరస్‌లు చేర్చారు. అలాగైతే పట్నంలో కూడా అమ్ముడవుతుందని.

మార్గో ఆల్బమ్‌లో ఈ పొరలన్నీ దొరుకుతాయి. మొదటి పాట నాష్‌విల్ నునుపు. 'హర్టిన్ ఆన్ ద బాటిల్' అచ్చంగా సారా కొట్టు పాట. 'ఫోర్ ఇయర్స్ ఆఫ్ ఛాన్సెస్'లో బేస్ గిటార్ నడక విన్నారంటే అది అమెరికా దక్షిణాది నల్లవాళ్ల సోల్ సంగీతం. 'హౌ ద మైటీ హావ్ ఫాలెన్' డ్రమ్ము దరువేమో 1960ల అమ్మాయిల బృందాలు పాడిన పాప్‌ని తలపిస్తుంది. ఊరికే 'పాతది' అని ఒక్క మాటలో తేల్చేస్తే చెవికి అన్యాయం చేసినట్టే.


పాత బంగారం
ఆదివారం ఉదయం 7:20

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

నలభై ఏళ్లుగా రికార్డులు పోగుచేస్తున్నాను. లొరెట్టా లిన్, టామీ వినెట్, డాలీ పార్టన్ లాంటి ఆనాటి కంట్రీ గాయనుల అసలు రికార్డులే నా దగ్గరున్నాయి. అసలు సరుకు ఇంట్లో ఉండగా 2016లో అదే శబ్దాన్ని మళ్లీ తయారుచేసి ఇస్తే నేనెందుకు వినాలి? ఆల్బమ్ పేరు చూడండి. లొరెట్టా 1970లో 'కోల్ మైనర్స్ డాటర్' అంది, బొగ్గు గని కార్మికుడి కూతురినని. ఈవిడ రైతు కూతురినంది. లొరెట్టా చేసినప్పుడు అది కొత్త. అప్పుడు ఆ శబ్దం ఆ రోజుది. ఆ కాలం దుస్తులు వేసుకున్నంత మాత్రాన ఆ కాలపు మనిషి అయిపోరు కదా. గొంతు బాగుంది, అది మాత్రం ఒప్పుకుంటాను.


సాయంకాలం రేడియో
ఆదివారం ఉదయం 8:05

అనుకోవడానికేముందండీ, మీరు విన్నన్ని రికార్డులు నేను చూసి కూడా ఉండను. కానీ ఇక్కడ నా ఆలోచన వేరు.

దుస్తులు అన్నారు. దుస్తులు అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఉంటారు, అమ్మమ్మ పెట్టెలోంచి తీసి కట్టుకునేవాళ్లూ ఉంటారు. ఆమె 1983లో పుట్టింది. ఇరవై ఏళ్లకి, 2003లో, కాలేజీ వదిలేసి నాష్‌విల్ వచ్చింది. భర్త జెరెమీ ఐవీతో కలిసి 'బఫెలో క్లోవర్' అనే బృందం పెట్టి రాక్ పాటలు పాడింది, రికార్డులూ వేసింది. అంటే ఈ పాత శబ్దం ఆమె మొదలుపెట్టిన చోటు కాదు, పదేళ్లు తిరిగి తిరిగి వచ్చి చేరిన చోటు. 2010లో కవలలు పుట్టారు. ఒక బాబు గుండె జబ్బుతో రెండు వారాలకే పోయాడు. తర్వాత తాగుడు, ఒక వారాంతం జైలు. 'వీకెండర్' పాట ఆ జైలు గురించే. ఇదంతా చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమెకి సరిపోయిన భాష పాత కంట్రీ భాష. ఆ పాటల్లో తాగుడు, జైలు, చావు, అప్పు దాచుకోవాల్సిన సంగతులు కావు. ఇప్పటి కంట్రీ రేడియోలో ట్రక్కులు, నది ఒడ్డున పార్టీలు పాడుకుంటుంటే ఈ కథ ఎక్కడ పెడుతుంది?

నా మాట ఒక్కటే. ఆమె పాతకాలం కోసం పాత బాణీ కట్టలేదు. నిజం చెప్తే సిగ్గుపడక్కర్లేని చోటు కోసం కట్టింది.


మెంఫిస్ దారి
ఆదివారం మధ్యాహ్నం 12:30

ఈ ఆల్బమ్ రికార్డు చేసిన గది నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

మెంఫిస్‌లో 706 యూనియన్ అవెన్యూ, సన్ స్టూడియో. 1950 జనవరిలో శామ్ ఫిలిప్స్ తెరిచాడు. 1954 జులైలో ఎల్విస్ మొదటి సింగిల్ అక్కడే. జానీ క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్, అందరూ ఆ గదిలో నిలబడ్డవాళ్లే. బయటినుంచి చూస్తే మూలమీద చిన్న ఇటుకల ఇల్లు, పైన పెద్ద గిటారు బొమ్మ. లోపల పడకగది కంటే కాస్త పెద్దది, అంతే. గోడలకి, కప్పుకి తెల్లటి చిల్లుల పలకలు, కప్పు మీద అవి వంకరటింకరగా విరిగి ఉంటాయి. నేల మీద టేపుతో ఒక అడ్డగీత, ఎల్విస్ ఇక్కడే నిలబడ్డాడని చూపించడానికి. మాతో వచ్చిన ఒక పెద్దాయన ఆ గీత మీద కాలు పెట్టకుండా పక్కకి తప్పుకుని నడిచాడు. గుళ్లో గడప దాటినట్టు.

పగలు మాలాంటి సందర్శకులు, రాత్రయితే రికార్డింగులు. ఆ రాత్రుల్లోనే మార్గో, ఆమె బృందం మూడు రోజుల్లో ఆల్బమ్ ముగించారు. డబ్బు కోసం కారు అమ్మేశారు, ఆమె పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టారు. ఏ కంపెనీ వెనక లేదు. ఆ గది మధ్యలో నిలబడ్డప్పుడు నాకు ఎల్విస్ కంటే ఆ ఉంగరమే గుర్తొచ్చింది.


తీగలసవ్వడి
ఆదివారం మధ్యాహ్నం 1:45

మెంఫిస్ దారి గారూ, ఆ కప్పు గురించి రాసినందుకు దండం. మా వృత్తిలో అదే ప్రాణం. సమాంతరంగా ఉన్న గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని గణగణమంటుంది. కప్పుని అలా విరిచి కడితే శబ్దం చెదిరిపోతుంది, మెత్తబడుతుంది.

ఇంకో సంగతి. సన్‌కి గుర్తింపు తెచ్చింది 'స్లాప్‌బ్యాక్' ప్రతిధ్వని. శామ్ ఫిలిప్స్ దగ్గర రెండు యాంపెక్స్ టేపు యంత్రాలుండేవి. గొంతుని రెండో యంత్రంలో రికార్డు చేస్తూ, అదే యంత్రంలోని చదివే హెడ్డు నుంచి వెనక్కి తెచ్చి అసలు గొంతుతో కలిపేవాడు. టేపు రాసే హెడ్డు నుంచి చదివే హెడ్డుకి చేరడానికి పట్టే సమయమే ఆ ఆలస్యం. సెకనులో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. బావిలోకి వంగి పేరు పెట్టి పిలిస్తే ఒకే ఒక్కసారి తిరిగొస్తుందే, అలా. ఈ ఆల్బమ్‌కి పనిచేసిన ఇంజినీరు మ్యాట్ రాస్-స్పాంగ్ సన్‌లో ఆ పాతకాలపు యంత్రాలు మళ్లీ తెచ్చి పెట్టడానికి ఏళ్ల తరబడి కష్టపడినవాడు.

ఇప్పుడు ఇదంతా కంప్యూటర్లో ఒక మీట నొక్కితే వస్తుంది. నేను రోజూ చేసేదే. కానీ అందరూ ఒకే గదిలో, ఒకేసారి వాయిస్తే డ్రమ్ము చప్పుడు గాయని మైకులోకి దూరుతుంది, గిటారు డ్రమ్ము మైకులోకి దూరుతుంది. తర్వాత ఏ ఒక్కదాన్నీ విడదీసి సరిచేయలేం. తప్పు పాడితే అందరూ మళ్లీ మొదటి నుంచి. అందుకే 'సిన్స్ యు పుట్ మి డౌన్' వింటుంటే మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించినట్టు తెలుస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి వినండి.


మొలీన్ మురళి
ఆదివారం రాత్రి 8:10

ఎవరో మా ఊరి పక్క పాట గురించి మాట్లాడుతున్నారే అని ఆగిపోయాను. మాది ఒంగోలు దగ్గర. పన్నెండేళ్లుగా ఇల్లినాయ్‌లో, మొలీన్‌లో ఉంటున్నాం. జాన్ డీర్ ట్రాక్టర్ల ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు గనక ఇక్కడ తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. మార్గో పెరిగిన అలీడో మాకు దక్షిణంగా, కారులో గంటలోపు దూరం.

ఓ శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చాను. ఊరి మధ్యలో కోర్టు భవనం, చుట్టూ కొన్ని కొట్లు, ధాన్యం నిలవచేసే పొడుగాటి డబ్బాలు, అంతే. తర్వాత ఎటు చూసినా మొక్కజొన్న, సోయా. ఏటా జూన్‌లో రూబార్బ్ పండగ చేస్తారు. రూబార్బ్ అంటే ఎర్రటి పుల్లటి కాడ, గోంగూర రుచి తెలిసిన నాలుకకి వెంటనే నచ్చుతుంది. మా ఆవిడ దాంతో పప్పు చేసింది.

ఆ పొలాలు చూస్తే 'ఇంత పచ్చగా ఉన్నచోట రైతు ఎలా దివాలా తీస్తాడు' అనిపిస్తుంది. మా ఆఫీసులో రిటైర్ కాబోతున్న ఒకాయన, ఇక్కడి రైతు కుటుంబమే, నాకు విడమరిచి చెప్పాడు. 1970ల్లో ధాన్యం ధరలు బాగున్నాయి, బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, పొలం ధర ఏడాదికేడాది పెరిగింది. ఆ పెరిగిన ధర చూపించి ఇంకా అప్పు తెచ్చి ఇంకా పొలం కొన్నారు. తర్వాత ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీలు పెంచేశారు. 1980 డిసెంబరుకి బ్యాంకుల ప్రధాన వడ్డీ 21.5 శాతం. అదే ఏడాది జనవరిలో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మడం ఆపేశారు. పంట ధర పడింది, దాంతో పొలం ధరా పడింది. నది అవతల ఐయోవాలో 1981 నుంచి 1986 మధ్య ఎకరం ధర 60 శాతానికి పైగా కరిగిపోయింది. అప్పు మాత్రం కరగలేదు. మార్గో కుటుంబం పొలం పోయింది ఆ రోజుల్లోనే.

వేలం రోజు సంగతి ఆయన చెప్తుంటే నేను మా వైపు చూసిందే గుర్తొచ్చింది. ట్రాక్టరు, నాగళ్లు, పాల డబ్బాలు వరసగా పెరట్లో పెడతారట. చుట్టుపక్కలవాళ్లే వచ్చి పాట పాడతారట. ఇరుగుపొరుగువాళ్లు తల దించుకుని కొనుక్కుంటారట.


నిర్వాహకులు
ఆదివారం రాత్రి 8:32

చర్చ బాగుంది. ఒక్క విన్నపం: పాటల సాహిత్యం మొత్తం ఇక్కడ పెట్టకండి, భావం మీ మాటల్లో రాయండి. ఒక పోస్టులోంచి తీసేశాం.


జొన్నచేను
సోమవారం ఉదయం 6:50

నిన్న నాలుగుసార్లు విన్న. ఇంగ్లీషు పూర్తిగా పట్టు దొరకలేదు, సాహిత్యం ముందట పెట్టుకుని ఒక్కో లైను చూసిన.

రెండో షిఫ్టు అన్న మాట దగ్గర ఆపేసిన. లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ పెట్టిన. ఎందుకంటే మా బాపు కూడా పొలం పోయినంక ఒక గోదాములో రాత్రి వాచ్‌మెన్‌గా చేరిండు. మూడు బోర్లు ఏస్తే మూడూ ఎండినయి, ఆ అప్పుకే భూమి పోయింది. పొద్దంతా పన్నా బాపుకి నిద్ర పట్టకపోయేది. అలవాటు కొద్దీ పొద్దుగాల నాలుగింటికే మెలకువ ఉండేటోడు కదా, అదే నాలుగింటికి ఇప్పుడు డ్యూటీల కూర్చునుడు. ఆ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. వేరే దేశపు ఆడబిడ్డ పాటల విన్నంక చెప్పాలనిపించింది.

ఇంకొకటి చెప్తా, తప్పయితే చెప్పండి. ఆ పాట పేరు తెలుగుల ఎట్ల చెప్పాలా అని రాత్రి ఆలోచించిన. ఇంగ్లీషుల గడియారానికి చేతులుంటయి. మనకు గడియారానికి ముళ్లుంటయి. 'కాలం చేతులు' అంటే ఎవరో గుంజుకుపోయినట్టు. 'కాలం ముళ్లు' అంటే గుచ్చుకున్నట్టు. ఆమె పాటకు రెండోదే సరిపోతదని నాకనిపిస్తున్నది. గడియారం వెనక్కి తిప్పాలంటే ఆ ముళ్లనే పట్టుకోవాలె కదా.


సాయంకాలం రేడియో
సోమవారం ఉదయం 7:15

తమ్ముడూ, ఇన్నేళ్లుగా ఈ పాట వింటున్నాను, నాకు ఈ మాట తట్టలేదు. 'కాలం ముళ్లు'. ఇక మీదట నేను ఈ పాటని ఆ పేరుతోనే చెప్పుకుంటాను.


వీణ నేర్చుకుంటున్నా
సోమవారం మధ్యాహ్నం 3:20

నేను కొత్త సభ్యురాలిని. చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

స్టీల్ గిటార్ గురించి ఎవరూ విడిగా రాయలేదు గనక రాస్తున్నాను. అది హవాయి దీవుల్లో పుట్టిన పద్ధతి. తీగని వేలితో నొక్కకుండా ఉక్కు కడ్డీని తీగ మీద జార్చుతారు. కంట్రీవాళ్లు దానికి కాలితో తొక్కే పెడల్స్ చేర్చి పెడల్ స్టీల్ చేశారు. అదే హవాయి గిటారు మన దేశానికీ వచ్చింది. వాన్ షిప్లీ పాత హిందీ సినిమా పాటల్లో వాయించాడు. విశ్వమోహన్ భట్ దాన్ని మోహన వీణగా మార్చి, అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కి గ్రామీ అందుకున్నారు. అందుకే మార్గో పాటల్లో ఆ జారుడు వినగానే మనకి పరాయిగా అనిపించదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లు ఎక్కకుండా ఒరుసుకుంటూ వెళ్లడం మన చెవికి పుట్టుకతో అలవాటు. మా గురువుగారు జారుని నేర్పేటప్పుడు 'బయల్దేరిన చోటు, చేరిన చోటు కాదమ్మా, మధ్యలో దారి వినిపించాలి' అంటారు. 'హ్యాండ్స్ ఆఫ్ టైమ్'లో చరణానికి చరణానికి మధ్య స్టీల్ గిటార్ వాయించేది ఆ దారినే.

ఆ బిడ్డ చరణం మాత్రం నేను దాటేస్తాను. నా కారణాలు నాకున్నాయి. కానీ ఆమె ఆ సంగతిని ఎంత తక్కువ మాటల్లో చెప్పి ముందుకు నడిచిందో నాకు తెలుసు. అలా తక్కువ మాటల్లోనే చెప్పగలం.


పాత బంగారం
సోమవారం రాత్రి 9:05

నిన్నటి నుంచి మీ రాతలు చదువుతూ మళ్లీ రెండుసార్లు విన్నాను. ఈసారి స్పీకర్ల ముందు కూర్చుని, వేరే పని పెట్టుకోకుండా.

మొదటి పాట విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దానికి లొరెట్టా రికార్డు బదులు కాలేదు. లొరెట్టా తన పాటలో పేదరికాన్ని గర్వంగా గుర్తుచేసుకుంటుంది, దాటి వచ్చిన మనిషి గొంతు అది. మార్గో ఇంకా దాటలేదు. ఆ తేడా నేను పట్టించుకోలేదు.

మిగతా ఆల్బమ్ మొత్తానికి మాత్రం అదే మార్కు వేయలేను. 'అబౌట్ టు ఫైండ్ అవుట్' నాకు పాత అచ్చులో పోసిన పాటలాగే వినిపిస్తోంది. చివరి 'వరల్డ్స్ గ్రేటెస్ట్ లూజర్' మొదలైందో లేదో అయిపోతుంది, ఇంకో చరణం రాయాల్సింది. 'దిస్ టౌన్ గెట్స్ అరౌండ్' మాత్రం గట్టి పాట. నాష్‌విల్ పెద్దమనుషులు అవకాశం ఇస్తామని ఆడవాళ్లని ఎలా చూస్తారో నవ్వుతూ చెప్పి చెంప ఛెళ్లుమనిపించింది. అప్పటికి ఆ ఊళ్లో ఆమె ఇంకా గుమ్మం బయటే ఉంది. అక్కడ నిలబడి ఆ పాట పాడటానికి ధైర్యం కావాలి.


సాయంకాలం రేడియో
సోమవారం రాత్రి 10:20

గుమ్మం బయట అన్నారు, సరిగ్గా అదే. ఆల్బమ్ తయారయ్యాక నాష్‌విల్‌లో కంపెనీ తర్వాత కంపెనీ కాదన్నాయి. 2015 మేలో ఒక రేడియో సలహాదారు, కంట్రీ స్టేషన్లలో ఆడవాళ్ల పాటలు వరసగా వేయొద్దనీ, సలాడ్‌లో మగవాళ్లు ఆకుకూరైతే ఆడవాళ్లు టమాటా ముక్కల్లాంటివాళ్లనీ బాహాటంగా అన్నాడు. ఆ గాలి వీస్తున్న రోజులవి. చివరికి రాక్ గాయకుడు జాక్ వైట్ తన కంపెనీ థర్డ్ మ్యాన్ రికార్డ్స్ తరఫున తీసుకున్నాడు. 2004లో లొరెట్టా లిన్ ఆల్బమ్ నిర్మించింది కూడా ఆయనే. పాత బంగారం గారూ, మీ లొరెట్టా ఇక్కడ కూడా దారిలో నిలబడే ఉంది చూడండి.

రేడియోలో హిట్టయిన పాట ఒక్కటీ లేకుండానే ఆల్బమ్ బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ ఆల్బమ్‌ల పట్టికలో పదో స్థానంలో అడుగుపెట్టింది. ఏప్రిల్‌లో 'సాటర్డే నైట్ లైవ్'లో పాడింది. ఉంగరం తాకట్టు పెట్టి చేసిన మూడు రోజుల రికార్డు దేశమంతా చూసే టీవీకెక్కింది.

చివరి పాట విషయంలో మీతో కలవలేను. ఆరు నిమిషాల పాటతో తలుపు తీసిన మనిషి, చిన్న పాటతో గిటార్ పక్కన పెట్టేసింది. చెప్పాల్సింది చెప్పేసింది కదా, ఇంకా చరణం ఎందుకు?


తీగలసవ్వడి
సోమవారం రాత్రి 10:48

నేను ఈసారి పాత బంగారం గారి వైపు. చివరి పాటకి ఒక్క స్టీల్ గిటార్ చరణమైనా ఉండాల్సింది. అంత మంచి రాగం, ఇంకాసేపు ఉండనివ్వాలి.

జొన్నచేను గారూ, మీ పోస్టు మా స్టూడియోలో ఇద్దరికి చదివి వినిపించాను. మీకు అభ్యంతరం లేదనుకుంటాను.


మొలీన్ మురళి
మంగళవారం తెల్లవారుజాము 5:30

ఒక్కటి చేర్చి ఊరుకుంటాను. 1985 సెప్టెంబరు 22న గాయకులు విల్లీ నెల్సన్, నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ కలిసి రైతుల కోసం 'ఫార్మ్ ఎయిడ్' కచేరీ పెట్టారు. ఎక్కడో కాదు, ఇదే ఇల్లినాయ్‌లో, షాంపేన్‌లో. అప్పటికి మార్గోకి రెండేళ్లు, ఇంట్లో పొలం పోతున్న రోజులు. 2021లో ఆమె ఆ సంస్థ బోర్డులో సభ్యురాలైంది. పదే పదే ఆ వేదిక మీద పాడింది.

జొన్నచేను తమ్ముడూ, మీ బాపు గారికి ఆ పాట వినిపించావా?


జొన్నచేను
మంగళవారం రాత్రి 9:55

వినిపించిన అన్నా. ఇవ్వాళ డ్యూటీ లేదు బాపుకి. తిన్నంక అరుగు మీద కూసున్నం. ఫోను మంచం కోడు మీద పెట్టి, పాట నడుస్తుంటే ఒక్కో చరణం ఆపి తెలుగుల చెప్పుకుంట పోయిన. స్టీలు గిటారు వచ్చినప్పుడు 'ఇదేం వాద్యమురా, ఏడ్సినట్టున్నది' అన్నడు. మధ్యల ఇంకేం అనలేదు. బిడ్డ పోయిన చరణం కాడ అమ్మ లోపటినుంచి వచ్చి గడపల నిలబడ్డది.

పాట అయిపోయినంక బాపు అడిగిన మొదటి మాట: 'ఎన్ని ఎకరాలట?'

పాటల అది చెప్పలేదు బాపూ అన్న. చాలాసేపు రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్నడు. ఇంక పండుకుందాం అని నేను లేస్తుంటే తనే అన్నడు. 'మనది రెండెకరాల పది గుంటలు. తూర్పు ఒడ్డున రెండు ఏప చెట్లు.' ఆ చెట్ల ముచ్చట బాపు నోటివెంట నేను పదకొండేండ్ల తర్వాత విన్న.

రేపు మళ్లీ పెట్టుమన్నడు.